చందా అడిగిన గ్రూపులోనే హిసాబ్ కూడా పెట్టాలి

రంజాన్ నెలవంక కనిపించిన రాత్రి నుంచే బందరు, పెడన, గుడివాడ, అవనిగడ్డ వైపు ముస్లిం ఇళ్లలో ఫోన్లు ఆగకుండా మోగుతుంటాయి. ఒక గ్రూపులో మదర్సా రశీదు పుస్తకం ఫోటో వస్తుంది. ఇంకో గ్రూపులో ఎవరిదో ఆపరేషన్ కోసం క్యూఆర్ కోడ్, మరో దాంట్లో రేషన్ కిట్ల లిస్టు. ఇచ్చేవాళ్లకు లోటు లేదు. ఈద్ అయిన వారం తర్వాత అవే గ్రూపులు తెరిచి చూస్తే మాత్రం "జుమా ముబారక్" పోస్టర్లు తప్ప ఇంకేమీ కనపడవు. ఎంత వసూలైంది, ఎంతమందికి చేరింది, ఎంత మిగిలింది అన్న ముక్క ఎక్కడా ఉండదు.

చాలా సంస్థలు నిజాయితీగానే పనిచేస్తున్నాయి. డబ్బు తినేసేవాళ్లు తక్కువ, లెక్క చెప్పనివాళ్లు ఎక్కువ. కానీ వీళ్లలో ఎవరు ఎవరో ఫోన్ పట్టుకుని ఇంట్లో కూర్చున్న మనిషికి తెలిసే దారి లేదు. అందుకే మొదటి ఏడాది వెయ్యి ఇచ్చినవాళ్లు రెండో ఏడాది ఐదొందలు ఇస్తారు, మూడో ఏడాది గ్రూపును మ్యూట్‌లో పెట్టేస్తారు. ఆన్‌లైన్‌లో మద్దతుదారులను కూడగట్టుకోవాలనుకునే సంఘాలు, బైతుల్‌మాల్ కమిటీలు ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే.

ఈ ప్రాంతానికి సాయం అడగడం, అందుకోవడం కొత్త కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసింది. వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో ఎన్టీఆర్, ఏఎన్నార్ లాంటి సినిమావాళ్లే జనంలోకి వచ్చి దివిసీమ బాధితుల కోసం విరాళాలు సేకరించారు. జోలెలో ఎవరు ఏం వేశారో పక్కనున్నవాళ్లు కళ్లారా చూశారు. మసీదులో జుమా తర్వాత తువ్వాలు పరిచి చందా పోగుచేసినా అంతే. అందరి ముందే లెక్కపెట్టి, మొత్తం ఎంతో మైకులో చెప్పేస్తారు. క్యూఆర్ కోడ్ వచ్చాక ఆ "అందరి ముందే" అన్నది పోయింది. డబ్బు ఈ ఫోన్లోంచి ఆ ఫోన్లోకి వెళ్లిపోతుంది, మూడో మనిషికి తెలియదు. పోయిన దాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి పనికొచ్చేవి కూడా ఫోన్‌లోనే ఉన్నాయి. వాటిని ఎలా వాడుకోవాలన్నదే ఇక్కడ విషయం.

కేరళవాళ్లు చేసి చూపించారు

కోళికోడ్ దగ్గర ఫెరోక్ ఊరికి చెందిన ఒకతను సౌదీలో డ్రైవర్‌గా పనికి వెళ్లాడు. అతను చూసుకుంటున్న వికలాంగ బాలుడు ప్రమాదవశాత్తూ చనిపోవడంతో 2006 నుంచి జైల్లోనే ఉండిపోయాడు, మరణశిక్ష కూడా పడింది. చివరికి బాలుడి కుటుంబం ప్రాణానికి పరిహారంగా కోటిన్నర రియాల్స్ దియత్ తీసుకుని క్షమించడానికి ఒప్పుకుంది. అంటే మన డబ్బులో దాదాపు రూ.34 కోట్లు. అతని కుటుంబానికి కలలో కూడా అందని మొత్తం.

2024లో అతని కోసం ఏర్పడిన కమిటీ ఒక యాప్ తయారు చేయించింది. అది తెరిస్తే ఆ నిమిషానికి ఎంత జమైందో, ఇంకా ఎంత కావాలో కనిపించేది. వంద రూపాయలు వేసినవాళ్లకు కూడా అంకె కదలడం కనపడేది. ఇంట్లో పిల్లలు గంటగంటకీ చూసుకుంటారు, పక్కింటివాళ్లకు చెబుతారు. ఆ ఏడాది రంజాన్ ఈద్ అయిన ఒకటి రెండు రోజులకే, ఏప్రిల్ 12 నాటికి, మొత్తం చేరింది. అంతకంటే గొప్ప సంగతి ఆ తర్వాత జరిగింది. లక్ష్యం చేరింది, ఇక పంపవద్దు అని ప్రకటించి వసూలు ఆపేశారు. జులైలో రియాద్ కోర్టు మరణశిక్ష రద్దు చేసింది.

బందరులో స్కూల్ ఫీజుల కోసం నడిచే చిన్న సంఘానికి యాప్ అక్కర్లేదు. అయితే ఆ కమిటీ చేసిన మూడు పనులు ఎవరైనా చేయొచ్చు: ఎంత కావాలో ముందే చెప్పడం, ఎంత వచ్చిందో అడిగిన చోటే చూపించడం, సరిపోయాక ఆపడం. మూడోది చాలామందికి చేతకాదు. వస్తున్న డబ్బును వద్దనడం కష్టమే మరి.

గ్రూపా, ఛానలా?

మన దగ్గర అందరికీ అలవాటైంది వాట్సాప్. రాష్ట్ర ప్రభుత్వమే 2025 జనవరిలో "మన మిత్ర" పేరుతో సర్టిఫికెట్ల లాంటి సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది కాబట్టి నాగాయలంకలో చేపల బేరం చేసే చాచాకి కూడా ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. కొత్తది వెతుక్కునే ముందు ఉన్నదాన్ని సరిగా వాడుకోవడం మేలు.

వాట్సాప్ గ్రూపులో 1,024 మంది వరకు చేరవచ్చు. కానీ గ్రూపులో ఒకరి నంబరు అందరికీ కనిపిస్తుంది. చందా ఇచ్చే ఆడవాళ్లు గ్రూపులోకి రాకపోవడానికి ఇదొక కారణం. వచ్చినా ఎవడో ఒకడు "హాయ్" అని మెసేజ్ పెడతాడు, మర్నాడు ఆమె గ్రూపులోంచి వెళ్లిపోతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఈ ఇబ్బంది లేదు. ఒక్కో లిస్టులో 256 మంది వరకు పెట్టవచ్చు, ఎవరికి వారికి విడిగా మెసేజ్ వెళుతుంది. కాకపోతే పంపేవారి నంబరును వాళ్లు తమ ఫోన్‌లో సేవ్ చేసుకుని ఉండాలి, లేకపోతే అందదు. "మేం పంపాం, వాళ్లకి రాలేదు" అనే గొడవ చాలావరకు ఇక్కడే పుడుతుంది.

2023 సెప్టెంబరులో మన దేశంలోకి వచ్చిన ఛానల్ సౌకర్యం సంఘాలకు బాగా సరిపోతుంది. చేరినవాళ్ల నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. అడ్మిన్లు మాత్రమే పోస్టు చేయగలరు కాబట్టి రాజకీయాలు, గుడ్ మార్నింగ్‌లు ఉండవు. తర్వాత చేరినవాళ్లు పాత పోస్టులు కూడా వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. లోటు ఏమిటంటే అందులో జనం తిరిగి మాట్లాడలేరు, మహా అయితే ఒక గుర్తు పెట్టగలరు. అందుకని ప్రతి పోస్టు కింద ప్రశ్నలు అడగడానికి ఒక నంబరు ఇవ్వాలి, ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తాలి. ఎత్తని నంబరు ఇచ్చేకంటే ఇవ్వకపోవడం నయం.

ఇక పెట్టాల్సిన మెసేజ్ ఎలా ఉండాలి? పొడుగాటి తఖ్రీర్ అక్కర్లేదు. ఊహించి రాసిన అంకెలతో ఒక మాదిరి ఇది: "ఫీజుల ఫండ్. 41 మంది నుంచి వచ్చింది రూ.62,300. 7 మంది పిల్లలకు కట్టింది రూ.54,000. బ్యాంకులో నిల్వ రూ.8,300. బిల్లులు చూడాలంటే అసర్ తర్వాత ఆఫీసుకి రండి." నాలుగు లైన్లు, అంతే. చివరి వాక్యం చదివి ఆఫీసుకి వచ్చేవాళ్లు ఒకరో ఇద్దరో. కానీ రమ్మన్నారన్న మాట అందరికీ గుర్తుంటుంది. దాతల పేర్లు రాయాలా అన్న మొహమాటం కూడా ఉంటుంది. కొందరికి పేరు చదివితే ఇష్టం, కొందరికి ప్రాణం పోయినట్టు ఉంటుంది. పేర్ల బదులు రశీదు నంబరు, మొత్తం రాస్తే ఇచ్చినవారు తమది చూసుకుంటారు, పక్కవాళ్లకు తెలియదు.

లెక్క పెట్టే రోజు కూడా ఒకటే ఉండాలి. ప్రతి ఇంగ్లీషు నెల మొదటి జుమా అనుకుంటే అదే. ఆ నెల ఏమీ రాకపోయినా "ఈ నెల జమ లేదు, ఖర్చు లేదు" అని పెట్టాలి. హైదరాబాద్ దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద సానీ వెల్ఫేర్ ఫౌండేషన్ 2012 నుంచి పేదలకు మధ్యాహ్నం భోజనం పెడుతోంది. అదే చోటు, అదే వేళ, ఏళ్ల తరబడి. అనుమానం ఉన్నవాళ్లు వెళ్లి చూసుకోవచ్చు. రోజూ కనపడే పని ముందు ఖరీదైన వీడియోలు దిగదుడుపే.

ఆమె ఫోటో ఎందుకు?

ఇక్కడే అసలు చిక్కు. దాతలు రుజువు అడుగుతారు. సంఘాలకు తెలిసిన రుజువు ఒక్కటే: రేషన్ కిట్ చేతిలో పెట్టి, చుట్టూ పదిమంది నిలబడి తీసిన ఫోటో. ఆ ఫోటోలో బురఖా కొంగుతో సగం ముఖం దాచుకుంటున్న ఆమె ఎవరో ఇనుగుదురుపేటలో అందరికీ తెలుసు. బందరు పెద్ద ఊరేం కాదు. పక్కన నిలబడ్డ కూతురు కూడా ఫోటోలో పడుతుంది. నాలుగేళ్ల తర్వాత ఆ పిల్లకు సంబంధం వచ్చినప్పుడు అదే ఫోటో ఎవరి ఫోన్లోంచో బయటికి వస్తుంది. ఒక ఐదు కిలోల బియ్యం, రెండు లీటర్ల నూనె కోసం ఇంత ధర కట్టించుకోవడం న్యాయమా? ఇది తెలిసే కొన్ని కుటుంబాలు ఆకలితోనైనా ఉంటాయి కానీ క్యూలోకి రావు. నిజంగా అవసరమున్నవాళ్లు ఇలా లిస్టులోంచే జారిపోతున్నారు.

సదఖా దాచి ఇవ్వడం మేలని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్లం కూడా ఫోన్ చేతికొచ్చేసరికి ఆ మాట మర్చిపోతున్నాం. రుజువుకు ముఖం అక్కర్లేదు. కట్టిన కిట్ల వరుస ఫోటో, కిరాణా షాపు బిల్లు, పేరు మీద కాగితం అడ్డం పెట్టిన ఫీజు రశీదు, కుట్టుమిషన్ కొన్న ఓచరు చాలు. కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గర "ఇన్ని ఫీజులు అందాయి" అని ఒక కాగితం తీసుకుంటే ఇంకా మంచిది. ఎంతమందికి ఇచ్చామన్నది చెప్పాలి, ఎవరికి ఇచ్చామన్నది కమిటీ రిజిస్టర్లో ఉండాలి, ఆడిటర్ చూడాలి. అంతవరకే. ఆధార్ కార్డులు, ఆసుపత్రి రిపోర్టులు గ్రూపుల్లో ఫార్వర్డ్ చేయడం ఇంకా పెద్ద తప్పు. మనిషి వివరాలను అనుమతి లేకుండా వాడకూడదని 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి. చట్టం సంగతి అటుంచినా, ఆధార్ నంబరు మోసగాళ్ల చేతిలో పడితే నష్టపోయేది ఆ పేద ఇల్లే.

ఏ భాషలో చెప్పాలి

నానీ ఉర్దూ చదువుతుంది. అమ్మీ తెలుగు మీడియంలో చదివింది, ఇంట్లో మాట్లాడేది మాత్రం ఉర్దూ. మనవరాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉర్దూ టైప్ చేస్తుంది. కృష్ణా డెల్టాలో సగటు ముస్లిం ఇల్లు ఇలాగే ఉంటుంది. మసీదు కమిటీ పంపే ఉర్దూ పోస్టర్ ఈ ముగ్గురిలో ఒక్కరికే అందుతుంది. నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ ఉర్దూలో, దాని కింద అంకెలు తెలుగులో పెడితే ముగ్గురికీ చేరుతుంది. పోస్టర్ డిజైన్‌కి డబ్బులు తగలేసే సంఘాలు ఈ చిన్న సంగతి పట్టించుకోవు.

ఆడవాళ్ల మాట ఇంకోసారి చెప్పుకోవాలి. ఇంట్లో జకాత్ లెక్క వేసేటప్పుడు బంగారం ఎక్కువగా ఆడవాళ్లదే. మసీదులో జరిగే ప్రకటన వాళ్ల చెవిన పడదు, కమిటీ గ్రూపులో వాళ్లు ఉండరు. అంటే ఇచ్చేవాళ్లలో సగంమందిని సంఘం ఎప్పుడూ పలకరించనే లేదు. ఒక మహిళా వాలంటీరు అడ్మిన్‌గా ఉండి, సందేహాలకు ఆమే జవాబిచ్చే ఏర్పాటు చేస్తే చాలు. ఈ పనికి ఖర్చు సున్నా.

డబ్బు ఎవరి ఖాతాలోకి?

చాలా చోట్ల క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చేది కోశాధికారి సొంత పేరు. మనిషి మంచివాడే కావచ్చు. కానీ సంఘం డబ్బు అతని సొంత ఖాతాలో పడితే అది ఎవరి ఆదాయం అన్న ప్రశ్న ఆదాయపన్ను శాఖ నుంచి వస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. సైబర్ మోసంలో కొట్టేసిన డబ్బులో కొంత ఆ ఖాతాకు చేరినా పోలీసుల సూచనతో బ్యాంకు ఖాతాను స్తంభింపజేయవచ్చు. అప్పుడు ఫీజుల డబ్బుతో పాటు అతని ఇంటి ఖర్చూ ఆగిపోతుంది.

దీనికి దారి పాతదే. ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద గానీ, ట్రస్టుగా గానీ సంస్థను నమోదు చేయించి, సంస్థ పేరున పాన్ తీసుకుని, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తెరవాలి. యూపీఐ క్యూఆర్ ఆ ఖాతాకే తీసుకోవాలి. స్కాన్ చేసినప్పుడు సంస్థ పేరు కనిపిస్తే ఇచ్చేవారికి సగం అనుమానం తీరుతుంది. జాతీయ బ్యాంకుగా ఎదిగిన ఆంధ్రా బ్యాంకు 1923లో పుట్టింది ఈ బందరులోనే, కాబట్టి పాస్‌బుక్ విలువ ఈ ఊరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నీతి ఆయోగ్ వారి ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌లో నమోదైతే ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. రిజిస్టరైన సంస్థలకు గూగుల్, కాన్వా లాంటి కంపెనీలు కొన్ని సేవలు ఉచితంగా ఇస్తాయి. అదొక అదనపు లాభం.

80జీ గురించి అడిగేవాళ్లు పెరిగారు. ఆ మినహాయింపు కావాలంటే దాత పాత పన్ను విధానంలో ఉండాలి. నగదుగా ఇస్తే రూ.2,000 దాటిన మొత్తానికి వర్తించదు. సంస్థ దాతల వివరాలను ఏడాదికోసారి ఆదాయపన్ను శాఖకు ఆన్‌లైన్‌లో సమర్పించి సర్టిఫికెట్ ఇవ్వాలి. మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది వేరే చోట. సంస్థ నియమావళిలో ఇది ఫలానా మతంవారి మేలు కోసమే అని రాసి ఉంటే 80జీ సాధారణంగా రాదు. పేదలందరి కోసం అని ఉంటే అడగవచ్చు. జకాత్ ఎవరికి చేరాలన్న షరతులు వేరు కాబట్టి జకాత్‌కు ఒక లెడ్జరు, మామూలు విరాళాలకు ఇంకొకటి మొదటి రోజు నుంచే విడిగా నడపాలి. తర్వాత విడదీద్దాంలే అనుకుంటే ఏ ఆడిటరూ విడదీయలేడు.

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి

కువైట్‌లో ఉన్న తమ్ముడు, డాలస్‌లో ఉన్న బాబాయి కొడుకు ఒకే గ్రూపులో ఉంటారు. క్యూఆర్ పెట్టగానే ఇద్దరూ పంపుతామంటారు. చట్టం దృష్టిలో ఇద్దరూ ఒకటి కాదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు విదేశంలో సంపాదించిన తమ సొంత డబ్బును మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద వచ్చిపోయేవారు ఇస్తే మాత్రం విదేశీ విరాళమే. గ్రీన్ కార్డు ఉండి భారత పాస్‌పోర్టు వదలనివారు ఇంకా భారత పౌరులే. విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఇవేవీ లేని చిన్న సంఘం మొహమాటానికి పోయి తీసుకుంటే కేసు అవుతుంది. విదేశాల నుంచి పంపేవారిని పాస్‌పోర్టు కాపీ అడగడంలో తప్పేమీ లేదు. అడిగితే బాధపడేవాళ్లకు ఈ నాలుగు మాటలు చదివి వినిపిస్తే చాలు.

తుపాను వచ్చినప్పుడు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. దిగువన దివిసీమ లంకలూ నీళ్లలో చిక్కుకున్నాయి. సాయం చేసే చేతులు చాలా వచ్చాయి, కానీ రోడ్డు వరకు నీళ్లు తగ్గిన వీధులకు ఆహారం పదేపదే అందితే లోపలి వీధులు ఎదురుచూస్తూ ఉండిపోయాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటినప్పుడు కూడా బందరు తీరం ఊపిరి బిగపట్టుకుంది. ఇలాంటి సమయంలో సంఘానికి పనికొచ్చేది అందరూ చూడగలిగే, ఇద్దరే మార్చగలిగే ఒక గూగుల్ షీట్: వీధి పేరు, ఎన్ని ఇళ్లు, ఏం అందింది, ఏ టైముకి. మనుషుల పేర్లు వద్దు. పాత తుపాను ఫోటోలు కొత్తవిగా తిరుగుతుంటాయి కాబట్టి ఫార్వర్డ్ చేసే ముందు గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడటం మంచిది. సంఘం పేరుతో దొంగ క్యూఆర్ తిరుగుతోందని తెలిస్తే గంటలోపే ఛానల్లో చెప్పాలి. ఎవరైనా మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయించాలి. విరాళం అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదని పెద్దవాళ్లకు పదిసార్లు చెప్పినా తప్పులేదు.

ఇంకొక్క జాగ్రత్త. మన కమిటీల్లో గ్రూపు అడ్మిన్, జీమెయిల్ పాస్‌వర్డ్, ఫేస్‌బుక్ పేజీ అన్నీ ఫోన్ బాగా తెలిసిన ఒక కుర్రాడి దగ్గరే ఉంటాయి. అతనికి వీసా వచ్చి రియాద్ వెళ్లిపోతే సిమ్‌తో పాటు సంఘం ఏళ్ల తరబడి కూడగట్టుకున్న మనుషులందరూ వెళ్లిపోతారు. కొత్త కమిటీ మళ్లీ సున్నా నుంచి గ్రూపు మొదలుపెడుతుంది. అడ్మిన్లు కనీసం ముగ్గురు ఉండాలి, సిమ్ సంస్థ పేరు మీద తీసుకోవాలి, కమిటీ మారిన రోజే పాస్‌వర్డులు మార్చి ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో తేదీ వేసి రాయాలి. తాళంచెవులు అప్పగించినట్టే ఇది కూడా, సంతకాలతో.